మన్యములో రాజ్యాంగ పాఠము

గడచిన గణతంత్ర దినోత్సవమునాడు అరకులోయ చేరువనున్న యొక ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు రాజ్యాంగమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మాకు పిలుపు వచ్చెను. పిలిచిన ఉపాధ్యాయుడు మాకు చిరకాల మిత్రుడు. ఉపన్యాసమనిన మాకు గల ప్రీతి నెరిగినవాడు గనుక, కాదందుమేమో యన్న శంక ఆయనకు లేకపోయెను. మేము మూడు దినములు గ్రంథములు తిరగవేసి, మాంటెస్క్యూ మొదలు అంబేద్కరు వరకు గల మహనీయుల యభిప్రాయములు కూర్చి, పదునెనిమిది పుటల యుపన్యాసము వ్రాసికొని, ముందునాడు తెల్లవారుజామున విశాఖపట్టణమున రైలెక్కితిమి. కొత్తవలసనుండి కిరండోలునకు పోవు ఆ మార్గము సొరంగములలో దూరుచు, లోయల యంచున వ్రేలుచు, శిమిలిగుడ కడ సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల యెత్తు చేరును. ఆ పట్టాలు వేసినది బైలదిల్లా ఇనుపరాతిని రేవునకు దింపుటకు. మనుష్యుల నెక్కించుకొనుట పిమ్మట వచ్చిన యాలోచన. అపుడీ సంగతి మాకు వినోదముగా తోచెను గాని, తిరిగి వచ్చునపుడు అట్లు తోచలేదు.

ఉపన్యాసము బాగుగనే సాగినది. ప్రభుత్వమునకు మూడంగములు కలవనియు, చట్టము చేయువారొకరు, దానిని నడపువారొకరు, తప్పొప్పులు తేల్చువారొకరు నగుట క్షేమమనియు, ముగ్గురును ఒక్కరే యైనచోట ఆ యొక్కరి మంచితనము తప్ప ప్రజకు వేరు దిక్కుండదనియు చెప్పితిమి. రాజున్నంత మాత్రమున రాజ్యాంగపాలన లేకపోదు. ఇంగ్లండులో రాజున్నాడు, ఆయన యధికారమునకు కట్టుబాటును ఉన్నది. ఎన్నికలు జరిగినంత మాత్రమున రాజ్యాంగపాలన వచ్చినట్లును కాదు. గెలిచినవాని చేతికి కట్టుబాటు లేనిచో ఎన్నిక యనునది యజమానిని ఏరుకొనుట మాత్రమే యగును. ఇట్లు చెప్పి చప్పట్ల కొరకు ఆగితిమి. పిల్లలు వానను చూచినట్లు ఓర్పుతో మమ్ము చూచుచుండిరి. అంతట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, “సార్, మా కొండ ఎవరిదని ఆ పుస్తకంలో రాసుంది?” అని యడిగెను.

పదునెనిమిది పుటలలో దీనికి సమాధానము లేదు. దేశములోని కొండలన్నియు ప్రజలందరివి యని యేదో పలికితిమి. “అందరిదీ అంటే మాదా, గవర్నమెంటుదా, కంపెనీదా సార్?” అని ఆ పిల్ల మరల అడిగెను. ఉపాధ్యాయుడు గంట కొట్టించి మా మానము కాపాడెను.

తడబాటునకు అజ్ఞానమొక్కటియే కారణమైనచో ఈ వ్యాసము వ్రాయ నక్కర లేకపోయెడిది. మా సంచిలో ఆ యుపన్యాసపు కాగితముల క్రింద మా యన్నగారి జాబొకటి యుండెను. అరకు దాపున మాకు నాలుగెకరముల పల్లపు భూమి కలదు. కలదని మేమనుకొనుచుంటిమి. దానికి మంచి బేరము వచ్చినదనియు, కొనువాడు యాత్రికుల కొరకు విడిదిగృహములు కట్టుననియు, కాగితము అక్కడి గిరిజనుడొకని పేర నుండుననియు, సొమ్ము మాత్రము మన చేతికి ముట్టుననియు, నా సంతకమునకు తోడు నీ సంతకమును కావలెననియు ఆ జాబులోని సారాంశము. “నీవెటులను అక్కడికి పోవుచున్నావు గనుక పొలము చూచి, కౌలువానితో మంచిమాటలాడి రమ్ము” అని అన్నగారు చివర వ్రాసిరి. జేబులో ఇట్టి జాబు పెట్టుకొని పిల్లలకు రాజ్యాంగము బోధింపబోయిన వాని నోరు పెగలకుండుటలో వింత యేమున్నది?

ఆ నాలుగెకరముల చరిత్ర చెప్పవలెను. మా తాతగారు శృంగవరపుకోట ప్రాంతపు వర్తకులు. పెరికె ఎద్దులమీద ఉప్పు, ఎండుచేపలు, ముతకబట్టలు, పూసలు ఘాటీ యెక్కించి, పైనుండి చింతపండు, పసుపు, ఆవాలు, వలిసెలు దింపెడివారు. మా ప్రాంతమున ఆయన ధర్మాత్ముడని పేరు. బాలవితంతువైన మేనగోడలికి పునర్వివాహము చేయించి కులపువారిచేత వెలి వేయించుకొనిరి. వీరేశలింగము పంతులుగారి గ్రంథములు మా యింట నుండుటకు ఆయనయే కారణము. మేమీ నాలుగక్షరములు వ్రాయగలుగుటకును ఆయనయే కారణము. కాని ఆయన సంఘసంస్కారము ఘాటీ క్రిందనే యాగిపోయెను.

తాతగారి భోషాణములో దొరికిన పద్దుల పుస్తకము మేము పదునెనిమిదేండ్ల ప్రాయమున తొలిసారి చూచితిమి. అపుడు చేతివ్రాత యందమే చూచితిమి. ఈ జాబు వచ్చిన పిమ్మట మరల తీసి లెక్క చూచితిమి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఒక కొండదొర తండ్రి దినములకు ఇరువది రూపాయలు, రెండు కుంచముల ఉప్పు తీసికొనెను. ఉప్పు సంగతి విడిచిపెట్టుదము. రూపాయికి ఏటికి అర్ధరూపాయి వడ్డీ. చెల్లని వడ్డీ యసలులో కలియును. అయిదేండ్లకు 20 రూపాయలు 150 దాటెను. ఆరవ యేట ఎదుట నొక వేలిముద్ర, ప్రక్కన “పొలము దఖలు పడినది” అను నాలుగు ముక్కలు. అంతే. నాటినుండి ఆ కొండదొరయు, అతని కుమారుడును, ఇపుడు మనుమడును అదే పొలము దున్ని, పంటలో మూడవ పాలు మాకు పంపుచున్నారు. మొదట చోళ్ళుగా వచ్చెడిది, ఇపుడు డబ్బుగా వచ్చును. ప్రభుత్వపు లెక్కలలో మా పేరెన్నడును ఎక్కలేదు. ఎక్కలేదేమని మేమెన్నడును అడుగలేదు.

మరునాడు ఉపాధ్యాయుడు మమ్ము వారపు సంతకు తీసికొనిపోయెను. అర్థశాస్త్ర గ్రంథములు పెట్టుబడిదారీ విధానమును ఒక ప్రకరణమునను, సామ్యవాదమును మరియొక ప్రకరణమునను, సహకారమును అనుబంధమునను చెప్పును. సంతలో అవి యన్నియు ఒకే చింతచెట్టు నీడను చేరబడి కూర్చుండియున్నవి. ఒక ముసలమ్మ తట్టెడు చింతపండు దింపినది. షాహుకారు తరపువాడు వచ్చి ధర చెప్పెను. ఆమె కాదనెను. వాడు నవ్వి ప్రక్క తట్టకు పోయెను. పుస్తకములలో చెప్పిన స్వేచ్ఛావ్యాపారము ఇదియే: ఇద్దరును స్వతంత్రులు, బలవంతము లేదు, సరఫరా గిరాకి కలిసినచోట ధర నిలుచును. కాని ఆమె ప్రొద్దు గ్రుంకకమునుపు కొండ యెక్కవలెను. తట్టను మరల మోసికొనిపోవలెను. ఇంట ఉప్పు నిండుకొన్నది. వానికి లారీ యున్నది, రేపున్నది, ఎల్లుండి యున్నది. మూడు గంటలవేళ వాడు మరల వచ్చునప్పటికి ధర తగ్గినది, ఆమెయు ఒప్పుకొన్నది. వేచియుండగలవానికిని వేచియుండలేనివానికిని జరుగు ఒడంబడికను స్వేచ్ఛ యనుటకు మాకా దినమున నోరు రాలేదు. మా తాతగారు కూడ ఎవరిమీదను చేయిచేసికొని యెరుగరు.

సంతకు కూతవేటు దూరమున గిరిజన సహకార సంస్థ వారి కొట్టున్నది. ఇట్టి షాహుకార్ల పట్టునుండి కొండవారిని విడిపించుటకే 1956లో దీనిని స్థాపించిరి. ప్రధాన కార్యాలయము విశాఖపట్టణము. చింతపండు, కుంకుడుకాయలు, కరక్కాయలు, తేనె, అడ్డాకులు, కొండచీపుళ్లు ఈ సంస్థ కొనును. బియ్యము, ఉప్పు, సబ్బులు అమ్మును. 1979లో నొక శాసనము చేసి, అడవి ఫలసాయము కొనుటకు దీనికే గుత్తాధికార మిచ్చిరి. షాహుకారు స్థానమున సర్కారు కూర్చుండెనన్నమాట. ధర ముందే పలకపై వ్రాయబడును, తూకము సరిగా నుండును, పద్దులు తనిఖీ యగును. ఇవి సామాన్యమైన మేళ్లు కావు. కాని పలకపై ధరను వ్రాసినవాడు దూరమున కార్యాలయములో నున్నాడు; సంతలో నేడు ధర పెరిగినదని వానికి తెలియుటకు కాగితము పోవలెను, రావలెను. గుత్తాధికారము కాగితముపై నుండగా ఆ ముసలమ్మ షాహుకారునొద్దకే యేల పోయెనని యడిగితిమి. “ఆ కొట్టుకాడ ఇయాళ సొమ్ము నేదన్నారు బావూ” అనెను. గుత్తాధికారము కలవాడు కొననినాడు అమ్మువానికి గతి యేమి? సర్వము సర్కారే కొని సర్కారే అమ్మిన సోవియట్టు రాజ్యము 1991లో కూలిపోవుటకు గొప్ప గొప్ప కారణములు వ్రాసినారు. వానిలో ఈ చిన్న కారణమునకును చోటుండవలెను.

కాఫీ సంగతి వేరు, చెప్పదగినది. సిల్వరోకు చెట్ల నీడను కాఫీ మొక్క, ఆ చెట్టునకే ప్రాకిన మిరియపుతీగ, క్రింద నొక గిరిజన కుటుంబము. మొక్క తెచ్చి యిచ్చినది సర్కారు. పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ వారు ఇంటింటికిని ఎకరమో రెండెకరములో వేయించిరి. తోట మాత్రము ఆ కుటుంబమునది, పండు కోయుట వారి పని. పండును శుద్ధిచేసి అమ్ముటకు కొన్నిచోట్ల రైతులు తామే సహకార సంఘమై కూడినారు. 2017లో అరకు పేర పారిసు నగరమున కాఫీ దుకాణము తెరచిరి. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఇక ధర? అరబికా ధరకు దారి చూపునది న్యూయార్కు విపణి. బ్రెజిలులో మంచు పడి తోటలు మాడిన యేట ఇక్కడ ధర పెరుగును. కావున ఈ యొక్క గిన్నెడు కాఫీలో సొంత ఆస్తి కలదు, సర్కారు పెట్టుబడి కలదు, సహకారము కలదు, ప్రపంచ విపణియు కలదు. మన దేశమునకు మిశ్రమ ఆర్థిక విధానమని పేరు పెట్టినవారు ఈ కాఫీ త్రాగియుండరు గాని సరిగానే పేరు పెట్టిరి. రాజ్యాంగ పీఠికలో ‘సామ్యవాద’ శబ్దమును 1976లో, నలువదిరెండవ సవరణమున చేర్చిరి. దేశపు వనరులు సామాన్యహితమునకు వినియోగపడవలెనని ముప్పదితొమ్మిదవ యధికరణము మొదటినుండియు చెప్పుచున్నది. ఆ హితము ఏ విధానమున సిద్ధించునో మాత్రము ఆ గ్రంథము శాసింపలేదు. ఏ విధానమైనను మితిమీరినప్పుడు ఎవరు ఎవరిని అడ్డవలెనో చెప్పినది. ఆర్థిక విధానము వేరు, రాజ్యాంగము వేరు. ఒకటి బండి, రెండవది పగ్గము. ఉపన్యాసములో ఈ భేదము చెప్పుట మేము మరచితిమి.

కొండవారి సొంత విధానమును ఆదిమ సామ్యవాదమని కొందరు మెచ్చుకొందురు. అది పొరపాటని ఆ సాయంకాలమే మాకు తెలిసినది. ఏ జీలుగుచెట్టు ఏ యింటిదో, ఏ చింతకొమ్మ క్రింద నెవరు కాయలేరుకొనవలెనో ఆ యూర నెవరిని అడిగినను చెప్పుదురు. ఆస్తి లేకపోలేదు, లేనిది అమ్మకము. పోడు నరికి మూడేండ్లు చేసికొని విడిచిన కొండ మరల అడవియై ఊరిది యగును, దున్నినంతకాలము దున్నినవానిది. అనుభవించుటకు హక్కున్నది గాని అన్యాక్రాంతము చేయుటకు హక్కు లేదు. ఈ మాట చదువరులు గుర్తుంచుకొనవలెను. వందేండ్లు తంటాలు పడి మన శాసనములు చేరినది ఈ స్థలమునకే.

1839 నాటి ఇరువదినాలుగవ చట్టముచేత ఈస్టిండియా కంపెనీవారు గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతమును మామూలు చట్టములనుండి తప్పించి గవర్నరు ఏజెంటు చేతిలో పెట్టిరి. ఏజెన్సీ యను పేరు అక్కడిది. ఏజెంటనగా జిల్లా కలెక్టరే. పన్ను వసూలు చేయువాడాయనే, దండించువాడాయనే, దావా తీర్చువాడును ఆయనే. మాంటెస్క్యూ వద్దనినదంతయు ఒక్క కుర్చీలో కూర్చున్నది. ఆ ఏజెంట్లలో దయాళువులుండిరి, కొండజ్వరమునకు బలియైనవారుండిరి. కాని కుర్చీ కుర్చీయే. 1879లో రంప కొండలలో తిరుగుబాటు లేచినది. కల్లుపన్నును, మన్సబుదారుని దోపిడియు కారణములు. కోర్టులలో తమ గోడు చెల్లక పోలీసుపై కసి పెంచుకొన్న కొండవారు పోలీసు ఠాణాల మీద పడిరి. 1882 నాటి అడవి చట్టము పోడునకు సంకెల వేసినది. రోడ్లు వేయుటకు వెట్టి పెట్టిరి. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు దాడిచేసి తుపాకులు తీసికొనుట, 1924 మే 7న ఆయన మరణించుట ఆంధ్రులలో ఎరుగనివారు లేరు. ఆయన పేర జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. పాడేరు దాని కేంద్రము.

ఈ రెండు తిరుగుబాట్ల నడుమ, 1917లో, మదరాసు ప్రభుత్వము ఒక చిన్న చట్టము చేసినది. దానిని గూర్చి పాటలు లేవు. ఏజెన్సీ వడ్డీ, భూమిబదిలీ చట్టమని దాని పేరు. కొండవానిపై నూటికి సాలుకు 24 రూపాయలకు మించిన వడ్డీ చెల్లదు. వడ్డీమీద వడ్డీ చెల్లదు. మొత్తము వడ్డీ యసలును మించరాదు. ఏజెంటు అనుమతి లేక కొండవాని భూమి కొండవాడు కానివానికి బదిలీయైన ఆ బదిలీయే చెల్లదు. మేము మా తాతగారి పద్దును ఈ చట్టము ప్రక్కన పెట్టి చూచితిమి. 20 రూపాయల అప్పునకు అయిదేండ్లలోనే కాదు, నూరేండ్లలో నైనను రాదగినది 40 రూపాయలు. ఆయన వ్రాసినది 150. ఏజెంటు అనుమతి మాట పుస్తకములో నెక్కడను లేదు. అనగా ఆ “దఖలు పడినది” అన్న నాలుగు ముక్కలు వ్రాసిననాడే చెల్లనివి. చట్టము మా తాతగారి కంటె ముందే ఆ కొండ యెక్కియుండెను. దానిని అక్కడ చదువగలవాడు మా తాతగారొక్కరే.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టము ఈ సీమను ‘పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతము’ అనెను. శాసనసభ చట్టములు గవర్నరు ఔనన్నగాని ఇక్కడికి రావు. స్వతంత్రభారత రాజ్యాంగమును వ్రాయునపుడు ఈ ఏర్పాటు నేమి చేయవలెనన్నది పెద్ద ప్రశ్న యయ్యెను. ఠక్కరు బాపా అధ్యక్షతను ఉపసంఘము కూర్చుండెను. ఛోటానాగపురమునుండి వచ్చిన జైపాలు సింగు, 1946 డిసెంబరులో రాజ్యాంగసభలో లేచి, గిరిజనులకు ప్రజాస్వామ్యము మీరు నేర్పనక్కరలేదు, మీరే వారియొద్ద నేర్చుకొనవలెనను భావముతో మాటలాడెను. సభ ఎంతవరకు నేర్చుకొనెనో చెప్పలేము గాని, 1950 జనవరి 26న అమలునకు వచ్చిన గ్రంథమున అయిదవ షెడ్యూలు అని కొన్ని పుటలు చేరినవి. షెడ్యూలు ప్రాంతములలో పార్లమెంటు చేసిన చట్టమునైనను గవర్నరు ఆపవచ్చును, మార్చవచ్చును. భూమిబదిలీని, వడ్డీవ్యాపారమును కట్టడిచేయ శాసనములు చేయవచ్చును. గిరిజన సలహామండలి యుండవలెను, దానిలో ముప్పాతికవంతు శాసనసభలోని గిరిజన ప్రతినిధులు కావలెను. పైకి చూచిన ఇది ఆ పాత ఏజెంటు కుర్చీవలెనే కనబడును. భేద మొక్కటి యున్నది. ఆ కుర్చీపై ఇపుడు కోర్టు కలదు.

ఆ యధికారముననే 1959లో మొదటి శాసనము, 1970లో దాని సవరణము వచ్చినవి. జనుల నోట అది ‘1/70’. షెడ్యూలు ప్రాంతములో భూమి గిరిజనునికి గాని గిరిజనుల సహకార సంఘమునకు గాని తప్ప ఎవరికిని బదిలీ కారాదు. అమ్మువాడు గిరిజనుడు కాకున్నను సరే. గిరిజనేతరుని చేతిలో భూమి యున్నచో, అది గిరిజనునినుండి వచ్చినదనియే మొదట భావింపవలెను. కాదని రుజువు చేయు భారము చేతిలో నున్నవానిది. ఇది సమానత్వమునకు విరుద్ధమని గిరిజనేతరులు కొందరు దావా వేయగా, సుప్రీముకోర్టు 1988లో శాసనమునే నిలబెట్టెను. సమానులు కానివారిని సమానులని కాగితముపై వ్రాసి వదలిన ఏమగునో మా తాతగారి పుస్తకము సాక్ష్యమియ్యగలదు.

ఇక ఆ బాలిక ప్రశ్న. దానికి సమాధానము ఉన్నది. పదునెనిమిది పుటలు వ్రాసిన మాకు తట్టకపోవుట సిగ్గుచేటు. బొర్రా గుహలను చూడ లక్షలమంది పోవుదురు. ఆ గుహల చుట్టునున్న అనంతగిరి మండలపు గ్రామములలో ప్రభుత్వము గనుల త్రవ్వకమునకు కంపెనీలకు కౌళ్లిచ్చెను. ‘సమత’ అను స్వచ్ఛంద సంస్థ కోర్టునకు పోయెను. రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానమున ఓడి, సుప్రీముకోర్టుకెక్కెను. వివాదమంతయు ఒక్క మాటమీద. ‘ఏ వ్యక్తియు’ గిరిజనేతరునికి భూమి బదిలీ చేయరాదని శాసనమున నున్నది గదా. ఆ ‘వ్యక్తి’లో ప్రభుత్వము చేరునా, చేరదా? 1997 జులై 11న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు, కె. రామస్వామి, ఎస్. సగీరు అహమ్మదు, చేరునని చెప్పిరి, జి. బి. పట్నాయకు భిన్నాభిప్రాయము వ్రాసెను. కావున షెడ్యూలు ప్రాంతమున తన భూమినైనను, అడవినైనను ప్రభుత్వము గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకై కౌలియ్యరాదు. ప్రభుత్వపు సంస్థ త్రవ్వవచ్చును, గిరిజనుల సహకార సంఘము త్రవ్వవచ్చును. చట్టము అట్టి నిషేధము పెట్టని చోట్లనైనను నికరలాభములో కనీసము 20 శాతము ఆ ప్రాంతపు నీటికి, బడికి, వైద్యమునకు, రోడ్లకు నిలువనిధిగా కట్టవలెను. రాజును కట్టుటయే రాజ్యాంగమని మేము వేదికమీద చెప్పిన మాటకు ఇంతకంటె మంచి యుదాహరణ ప్రపంచమున వెదకినను దొరకదు. అది ఆ పాఠశాలకు ఎంతో దూరమున లేదు!

అయినను తీర్పు వచ్చినంతనే కథ సుఖాంతమని చదువరులు తలపరాదు. 2001లో బాల్కో కేసున సుప్రీముకోర్టు ఈ తీర్పును గూర్చియే గట్టి సంశయములు ప్రకటించెను. ప్రభుత్వపు సంస్థ త్రవ్వవచ్చునను సందు పట్టుకొని, బాక్సైటు కొరకు 2015లో చింతపల్లి వైపు అడవి నప్పగింప ఉత్తరువిచ్చిరి, జనుల యలజడి మీద ఆపిరి, 2019లో రద్దుచేసిరి. ఇంకొక దెబ్బ వేరొక వైపునుండి తగిలినది. షెడ్యూలు ప్రాంతముల బడులలో ఉపాధ్యాయులందరును గిరిజనులే కావలెనని 2000లో చేసిన మూడవ నంబరు ఉత్తరువును సుప్రీముకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసెను; నూటికి నూరుపాళ్లు ఒక వర్గమునకే కేటాయించుట రాజ్యాంగము ఒప్పదనియు, అయిదవ షెడ్యూలుచే గవర్నరునకు వచ్చిన యధికారమైనను ప్రాథమిక హక్కులకు లోబడవలసినదే యనియు తీర్పు. మా మిత్రుడైన ఉపాధ్యాయుడు గిరిజనుడే. ఆ యుత్తరువువలననే ఉద్యోగము వచ్చినవాడు. ఆ తీర్పు న్యాయమని మేము వాదించితిమి. “మీరు చెప్పింది తర్కానికి బాగుంది గురువుగారూ. మా పిల్లల భాష రాని మేష్టారు నెలకు నాలుగు రోజులు బడికొచ్చే రోజులు నేను చూశాను” అని ఆయన ఊరకుండెను. మేమును ఊరకుంటిమి. పగ్గము రెండువైపులను లాగును. అది మనకు అనుకూలమైనప్పుడే న్యాయమనుట తగదు. కాని ఎద్దుమెడ ఒరసికొనిపోవుటయు అబద్ధము కాదు.

మూడవనాడు మా పొలమునకు పోయితిమి. మా యను మాట అలవాటున వచ్చినది. కౌలువాడు, ఆ కొండదొర మనుమడు, మాకంటె పదేండ్లు చిన్నవాడు. మమ్ము చూచి మంచము వాల్చి, చోడంబలి తెప్పించెను. ఊరి నాయుడును, బారికియు వచ్చి కూర్చుండిరి. మేము సంగతి మొదలుపెట్టకమునుపే నాయుడు, విడిదిగృహముల వాడు రెండుమారులు వచ్చిపోయెననియు, 1996 నాటి పంచాయతుల విస్తరణ చట్టమునుబట్టి తమ గ్రామసభ కూడి, కొండక్రింది వారెవరికిని ఊరి భూమి పోరాదని తీర్మానము వ్రాసికొన్నదనియు చెప్పి, కాగితము చూపెను. వేలిముద్రలు కొన్ని, సంతకములు కొన్ని. మేము వ్రేలుపెట్టి చదువుచుండగా కౌలువాని కుమార్తె వచ్చి ప్రక్కన నిలుచుండెను. పాఠశాలలో ప్రశ్న వేసిన పిల్ల కాదు. ఆ పిల్ల యే యైన కథ చక్కగా నుండెడిది. ఈమెకు చదువే లేదు.

తీర్మానమెట్లు చేసితిరని యడిగితిమి. మూడు దినములు కూర్చుండిరట. ఇద్దరు ఒప్పుకొనలేదట, వారి బిడ్డలకు ఆ విడిదిగృహములలో కొలువులు దొరకునని ఆశ. చేతులెత్తించి లెక్కపెట్టి పని ముగింపవచ్చును గదా యంటిమి. “అలగైతే ఆ ఇద్దరూ రేపు మా పొలంలోకి సాయానికొస్తారా బావూ?” అని నాయుడడిగెను. కడకు ఆ యిద్దరి బిడ్డలకును కాఫీ సంఘములో పని చూపింతుమని మాటయిచ్చి ఒప్పించిరట. అధికసంఖ్యాకుల మాటయే ప్రజాస్వామ్యమని మేము ఉపన్యాసములో రెండు పుటలు వ్రాసియుంటిమి.

ఆ సాయంకాలమే అన్నగారికి జాబు వ్రాసితిమి. సంతకము చేయమనియు, ఆ భూమి 1917 చట్టమునుబట్టియే మనది కాలేదనియు, గిరిజనుని పేరు తెరగా నిలిపి సొమ్ము పుచ్చుకొనుట తాతగారు చేసినదానికంటె హీనమనియు, ఏలయన ఆయనకు చట్టమును అడుగువాడు లేకపోయెను, మనకు ఉన్నాడనియు వ్రాసితిమి. వారము దినములకు బదులు వచ్చెను. “తాతగారి సొమ్ముతో చదివి తాతగారిని దోషిని చేయుచున్నావు” అని మొదటి వాక్యము. అది నిజమే. ఆయన మనుమరాలి పెండ్లి అప్పును గూర్చి రెండవ వాక్యము, అదియు నిజమే. ఆయన చెడ్డవారు కారు. మా తరమువాడు ప్రతివాడును తన యింటి భోషాణమును మాత్రము చరిత్రనుండి మినహాయించుకొనును. ఆయన మాకంటె ఎక్కువగా చేసినదేమియు లేదు.

ఫాల్గుణమున మరల పోయి, భూమిబదిలీ కేసులు చూచు ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కచేరిలో, ఆ నాలుగెకరములలో మాకే హక్కును లేదని మా వంతునకు ఒక వాఙ్మూలము వ్రాసి యిచ్చితిమి. గుమాస్తా రెండుమారులు చదివి, “కావాలని అర్జీ పెట్టేవాళ్లే గాని, వద్దని పెట్టేవాళ్లకి ఫారం లేదండి” అనెను. తెల్లకాగితము మీద వ్రాసితిమి. అక్కడినుండి ఊరికి పోయి కౌలువానితో, ఇకమీదట మాకు పాలు పంపనక్కరలేదని చెప్పితిమి. అతడు కొంతసేపు ఆలోచించి, మా పాలులో సగము మాత్రమే ఇంట నుంచుకొందుననియు, తక్కిన సగము మా యన్నగారిదనియు, అన్నగారి మాటను తమ్ముడు చెప్పరాదనియు చెప్పెను. ఆ సగమును వేరుగా తీసి డబ్బాలో వేసి, దూలమునకు వ్రేలాడగట్టినాడు. నాయుడు నడిగిన అదియే న్యాయమనెను. అన్నగారికి ఈ సంగతి వ్రాసితిమి. ఇంకను బదులు రాలేదు.